కుందేలుకు బొరుగులొద్దు

నంద్యాల ఎండల్లో ఇంటి కుందేలు నిండు ఆయుష్షుతో బతకాలంటే గట్టు మీది గరిక, చల్లటి నాపబండ, పెంటికల మీద ఒక కన్ను ఉండాలి

గుప్పెడంత తెల్లటి బొచ్చు, ఎర్రటి కళ్ళు, ఇంకా నిటారుగా నిలబడని చెవులు. రంగు చేపలమ్మే దుకాణం ముందు పంజరంలో అలాంటి జత కనబడితే చాలు, బడి నుంచి వచ్చే పిల్లల కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఆ సాయంత్రమే జత అట్టపెట్టెలో ఇల్లు చేరుతుంది. రాత్రికి బొరుగులు, పొద్దున బిస్కెట్టు, మధ్యాహ్నం అన్నం మెతుకులు. పక్కింటివాళ్ళు చెప్పారని నానబెట్టిన శనగలు, కార్టూన్లలో చూశారు కనుక క్యారెట్టు. వారం తిరక్కుండానే ఒకటి మూల చేరి ముడుచుకుంటుంది. పొట్ట గట్టిగా ఉబ్బుతుంది. తెల్లారేసరికి ఉండదు. ‘కుందేలు సుకుమారం, మన ఇంటికి అచ్చిరాలేదు’ అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు.

అలా పోయిన పిల్లల్లో చాలావాటిని తీసుకెళ్ళింది ఆ బొరుగులూ శనగలే. తల్లి పాలు మరిచే వయసు రాకముందే, నెల కూడా నిండని పిల్లల్ని అమ్మేయడం రెండో కారణం. కనీసం ఎనిమిది వారాలు నిండిన పిల్లనే తెచ్చుకోవాలి.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. నంద్యాల గింజల సీమ. కుందూ నది చుట్టూ, కె.సి. కాలువ కింద వరి. నల్లరేగడిలో శనగ, జొన్న. 1906లో మొదలైన ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం రాష్ట్రానికి మంచి మంచి రకాలు ఇచ్చింది. ‘నరసింహ’ పత్తి, ‘సూర్యనంది’ కొర్ర ఇక్కడ పుట్టినవే. అలాంటి చోట ఇంటికొచ్చిన ప్రాణికి దోసెడు గింజలు పెట్టడం మర్యాద. కోడికి, ఎద్దుకు, పిచ్చుకకు పనికొచ్చే ఆ మర్యాద కుందేలు కడుపుకు మాత్రం సరిపడదు. రైతు తిట్టుకుంటూ పీకి గట్టున పారేసే గరికే దానికి అసలైన భోజనం.

రెండుసార్లు తినే జీవి

ఆవు తిన్న గడ్డిని నెమరు వేస్తుంది. కుందేలుకు ఆ సదుపాయం లేదు. దాని గడ్డి అరిగేది కడుపులో కాదు, చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే పెద్ద సంచిలో. అందులో కోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అలా తయారైన సారాన్ని కుందేలు మెత్తటి, జిగురు ముద్దల గుత్తిగా బయటికి పంపి, వెంటనే మళ్ళీ నోటితో అందుకుని మింగేస్తుంది. ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున జరిగే పని ఇది. చూసినవాళ్ళు ‘ఛీ’ అని ఆపబోతారు. ఆపకూడదు. బి విటమిన్లు, కొంత మాంసకృత్తులు దానికి అందేది ఆ ముద్దల్లోనే. ఆరోగ్యంగా ఉన్న కుందేలు వాటిని నేల మీద వదలదు కూడా. పొద్దున్నే జిగురు ముద్దలు గూట్లో మిగిలిపోయి కనబడితే మేతలో పిండిపదార్థం ఎక్కువైందని, లేదా ఒళ్ళు పెరిగి వంగలేకపోతోందని అర్థం.

పేగులు నడవాలంటే పొడుగు పీచు అందుతూనే ఉండాలి. బొరుగులు, అన్నం, బిస్కెట్లు, శనగలు పడితే ఆ సంచిలో మంచి సూక్ష్మజీవుల స్థానంలో చెడ్డవి పెరిగి, గ్యాసు పట్టి, పేగుల కదలిక నిలిచిపోతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ఎటూ బయటికి రాదు. పొట్టనొప్పితో తినడం మానేస్తుంది, తినకపోవడంతో పేగులు ఇంకా మందగిస్తాయి. ఒక రోజు పస్తుంటే మనిషికి ఏకాదశి, కుందేలుకు ప్రాణగండం.

పళ్ళ సంగతీ గడ్డితోనే ముడిపడి ఉంది. కుందేలుకు 28 పళ్ళు. అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. గంటల తరబడి గడ్డి పరకలు నమిలితేనే అవి అరిగి సమంగా ఉంటాయి. మెత్తటి తిండి మరిగిన కుందేలుకు దవడ పళ్ళు మొనదేలి నాలుకకు, బుగ్గలకు గుచ్చుకుంటాయి. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అంటుకుపోవడం దానికి మొదటి గుర్తు. అప్పుడు తిండి మీదికి ఆశగా వస్తుంది, మూతి పెడుతుంది, వదిలేస్తుంది.

క్యారెట్టు మీద ఒక మాట చెప్పాలి. కుందేలంటే క్యారెట్టు అన్న నమ్మకాన్ని ప్రపంచమంతా నాటింది 1940లో పూర్తి రూపంలో తెరకెక్కిన ‘బగ్స్ బన్నీ’. ఆ బొమ్మ కుందేలు క్యారెట్టు కొరుకుతూ మాట్లాడే తీరుకు మూలం 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ సినిమాలో క్లార్క్ గేబుల్ క్యారెట్టు నమిలే సన్నివేశం. అంటే ఒక హీరో తిన్న తీరు చూసి ఎనభై ఏళ్ళకు పైగా కుందేళ్ళకు తియ్యటి దుంప పెడుతున్నారు. క్యారెట్టు ఆకులు భేషైన మేత. దుంప మాత్రం ఎప్పుడైనా చిటికెన వేలంత ముక్క.

గట్టు మీది కిరాణా కొట్టు

పొద్దస్తమానం ముందర ఉండాల్సింది గడ్డి. మేతలో నూటికి ఎనభై పాళ్ళకు తగ్గకుండా అదే. పట్నాల్లో కొందరు ‘టిమొతీ’ గడ్డి పొట్లాలు విదేశాల నుంచి వచ్చినవి కొంటారు. నంద్యాలలో దానికి డబ్బులు పోయనక్కర్లేదు. వినాయకుడి పూజకు తెచ్చే గరికే చాలు. పచ్చిగా పెట్టొచ్చు, కోసి నీడన ఆరబెట్టి సంచిలో దాచుకోవచ్చు. పాడి రైతులు పెంచే నేపియర్, గినియా గడ్డి కూడా పనికొస్తాయి. కొర్ర గడ్డి ఎండుది దొరికితే మరీ మంచిది. వరిగడ్డిలో బలం తక్కువ, గరుకు ఎక్కువ. దాన్ని పడకకు వాడి, తింటే తిననివ్వాలి.

వేరుశనగ కట్టె, లూసర్న్ దగ్గర కొంచెం ఆలోచించాలి. ఎదిగే పిల్లకు, పాలిచ్చే తల్లికి అవి బలమే. పెద్ద కుందేలుకు రోజూ పెడితే కాల్షియం ఎక్కువవుతుంది. మనిషి పేగు తనకు కావలసినంత కాల్షియమే పీల్చుకుంటుంది. కుందేలు పేగు మేతలో ఉన్నదాంట్లో చాలావరకు పీల్చేసుకుని, మిగులును మూత్రంలోకి వదులుతుంది. అందుకే దాని మూత్రం కొద్దిగా తెల్లగా ఉండటం మామూలే. సున్నపు ముద్దలా చిక్కబడితే, పోయడానికి ముక్కుతుంటే మూత్రాశయంలో ఇసుక చేరుతోందన్నమాట. ఇక ఒక్కోసారి మూత్రం ఎర్రగా, నారింజ రంగుగా వస్తుంది. చాలాసార్లు అది తిన్న ఆకుల రంగు మార్పే, నెత్తురు కాదు. ఒకటి రెండు రోజుల్లో పోకపోతే మాత్రం చూపించాలి.

జొన్న పండే సీమ కనుక ‘నాము’ గురించి వేరే చెప్పనక్కర్లేదు. లేత జొన్న, కోసిన మోళ్ళ నుంచి వానకు లేచిన పిలకలు మేసి పశువులు గిలగిలా కొట్టుకుని పోవడం ఇక్కడి రైతులు చూసినదే. ఆ పిలకల్లో ఉండే సైనైడు విషం పెద్ద ఎద్దునే పడగొడుతుంది. రెండు కిలోల కుందేలుకు అది చూపించనే కూడదు. పత్తి, మిరప చేల పక్క గట్ల మీద కోసే గడ్డికి పురుగుమందు, కలుపుమందు అంటి ఉంటుంది. మందు కొట్టని చోటు చూసుకుని కోయాలి. కుక్కలు తిరిగే వీధి మూలల గడ్డి కూడా వద్దు. వానాకాలంలో బూజు పట్టిన కట్టె, ముక్క వాసన వేసే గడ్డి గేదె తిన్నా తినకపోయినా, కుందేలుకు మాత్రం పెట్టకూడదు.

ఆకుకూరలు రోజుకు కిలో బరువుకు గుప్పెడు చాలు. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, తులసి మార్చి మార్చి పెట్టొచ్చు. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు మించనివ్వకూడదు. మునగాకులో కాల్షియం ఎక్కువ కనుక కొద్దిగానే. అరటాకు ఇష్టంగా తింటుంది. మహానంది అరటిపండు ఇంకా ఇష్టంగా తింటుంది, అదే చిక్కు. రూపాయి బిళ్ళంత ముక్క, అదీ వారానికి ఒకటి రెండుసార్లు. దుకాణంలో దొరికే గుళికల దాణా కిలో బరువుకు పాతిక గ్రాములకు మించకూడదు. రంగు రంగుల గింజలు కలిపిన దాణా అయితే కొననే వద్దు. కుందేలు గింజలు ఏరుకుని పీచు వదిలేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప ఆకు, చాక్లెట్టు, పాలు వంటింటి నిషేధాలు. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటే కుందేలును అటు వదలకూడదు.

నీళ్ళు మాత్రం ఎంతైనా. బరువైన మట్టి చిప్పలో పోస్తే తన్నలేదు, నీళ్ళూ చల్లగా ఉంటాయి. బుడ్డీ గొట్టం నుంచి చుక్కలు చుక్కలుగా తాగడం కంటే చిప్పలో తాగితే ఎక్కువ తాగుతుంది.

నలభై అయిదు డిగ్రీల ఊళ్ళో ఉన్ని చొక్కా

ఇంటి కుందేళ్ళన్నింటికీ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో బొరియలు తవ్వుకు బతికిన ఐరోపా కుందేళ్ళు. మన దేశంలో వీటి మీద పరిశోధన సాగిన చోట్లలో కొన్ని చల్లటివే: కులూ దగ్గర గార్సా, కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు. దానికి హాయిగా ఉండే వేడి పదిహేను నుంచి ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. ముప్ఫై దాటితే ఇబ్బంది మొదలు. నంద్యాల పేరు వేసవిలో రాష్ట్రంలోకెల్లా వేడి ఊళ్ళ జాబితాలో తరచు వినబడుతుంది. 45 డిగ్రీలు ఇక్కడివాళ్ళకు వార్త కాదు. కుందేలుకు చెమట పట్టదు. కుక్కలా నాలుక చాపి రొప్పడం కూడా చేతకాదు. ఒంట్లో వేడి పోయే దారి ముఖ్యంగా చెవులే. వాటిలోని రక్తనాళాలు విచ్చుకుని గాలికి వేడిని వదులుతాయి.

అందుకే రేకుల కప్పు కింద, మిద్దె మీద, ఎండ తగిలే వరండాలో పంజరం పెట్టడమంటే పొయ్యి మీద పెట్టడమే. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదే దాని గది. ఈ జిల్లాకు ఒక వరం ఉంది: బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ళు. పాత ఇళ్ళ నేలలన్నీ వాటితో పరిచినవే. ఒక నాపబండ ముక్క కడిగి గూట్లో వేస్తే మధ్యాహ్నమంతా కుందేలు దాని మీదే బోర్లా పడుకుంటుంది. రోజంతా బండ మీదే ఉంచితే మడమల కింద బొచ్చు ఊడి పుండ్లు పడతాయి కనుక పక్కనే గడ్డి పరుపు ఉండాలి. తీగల అడుగున్న పంజరంలో ఈ పుండ్లు మరీ త్వరగా వస్తాయి. గడ్డకట్టించిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టడం, తడి గోనెపట్టా కిటికీకి కట్టడం, కూలరు గాలి నేరుగా కొట్టకుండా గది చల్లబరచడం, ఇవన్నీ పని చేస్తాయి. బ్రాయిలర్ షెడ్ల వాళ్ళకు ఈ విద్య కొత్త కాదు.

చెవులు ఎర్రబడి వేడెక్కి, ముక్కు రంధ్రాలు పెద్దవై, మూతి తడిసి, కదలకుండా పడిపోతే వడదెబ్బే. మామూలు నీళ్ళతో చెవులు తడుపుతూ, నీడకు తెచ్చి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్ళలో ముంచితే ఆ అదురుకే గుండె ఆగొచ్చు. మామూలు రోజుల్లోనూ స్నానం చేయించకూడదు. తన ఒళ్ళు తనే నాక్కుని శుభ్రం చేసుకునే జీవి అది.

ఆళ్ళగడ్డలో మరో జాగ్రత్త. శిల్పులు రాయి చెక్కే షెడ్ల దగ్గర యంత్రాలు తిరిగినంతసేపూ తెల్లటి పొడి లేస్తూనే ఉంటుంది. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. దుమ్ము, మూత్రం ఘాటు రెండూ దాని ఊపిరితిత్తులకు పడవు. తుమ్ములు, ముక్కు నుంచి చిక్కటి చీమిడి, ముందుకాళ్ళ లోపలివైపు బొచ్చు అట్టగట్టడం కనబడితే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి పట్టి ఉండొచ్చు. మూతి తుడుచుకునేది ఆ కాళ్ళతోనే మరి.

‘పెంటికలు వేస్తోందా?’

కుందేలును చూసే పశువైద్యుడు మొదట అడగాల్సిన ప్రశ్న అది. ఇంటివాళ్ళు రోజూ వేసుకోవాల్సిన ప్రశ్న కూడా. ఆరోగ్యమైన కుందేలు రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది. గుండ్రంగా, ఒకే పరిమాణంలో, పొడిగా ఉండి, నలిపితే గడ్డి పొట్టులా రాలాలి. చిన్నవవుతున్నా, వంకర తిరిగినా, వెంట్రుకలతో దండలా గుచ్చుకుని వచ్చినా కడుపు మందగించిందని లెక్క. పన్నెండు గంటలు తినక, పెంటికలు వేయకపోతే తెల్లారేదాకా ఆగడానికి లేదు. అడవిలో వేటజంతువులకు దొరకకుండా ఉండాలంటే జబ్బు కనబడనివ్వకూడదు, ఆ అలవాటు దాని నెత్తురులో ఉంది. అది నీరసంగా కనబడే వేళకు జబ్బు ముదిరి ఉంటుంది. అందుకే వారానికోసారి వంటింటి తూకం మీద బరువు చూసి రాసుకోవడం ఏ టానిక్కు కంటే విలువైన పని.

మూడు నెలల లోపు పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేది కాక్సీడియోసిస్. కోళ్ళ రైతులకు ఈ పేరు బాగా తెలుసు. పారుడు పట్టి, పొట్ట ఉబ్బి, రెండు మూడు రోజుల్లో పోతాయి. గూడు పొడిగా ఉంచడం, పెంటికల్లో మేత కలవకుండా గడ్డిని పైన కట్టడం సగం నివారణ. పెద్దవాటికి గజ్జి. ముక్కు, చెవుల అంచులు, కాలివేళ్ళ మీద తెల్లటి పొక్కులు కడతాయి. చెవి లోపల గోధుమరంగు పెచ్చులు పేరుకుంటాయి. పశువైద్యుడు బరువు చూసి ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌తో తగ్గుతుంది. ఆ పెచ్చుల్ని గోటితో పెరకకూడదు.

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. కుక్కల పేలకు, గోమార్లకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ మందు కుందేలును చంపగలదు. మందుల షాపులో అడిగి తెచ్చిన అమాక్సిసిలిన్ నోట్లో పోస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు నశించి, విషపు పారుడుతో పోతుంది. పెన్సిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ నోటి మందులుగా ఇచ్చినా అంతే. పిల్లవాడి సిరప్పు మిగిలింది కదా అని అరచెంచా పోయడం దయ అనిపించుకోదు.

జతగా కొనేవాళ్ళకు దుకాణంవాడు ‘రెండూ ఆడవే’ అంటాడు. ఆ వయసులో తేల్చడం వాడికీ కష్టమే. నాలుగైదు నెలలకు ఎదకొస్తాయి. కట్టిన 30, 32 రోజులకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. ఇంట్లో రెండు కాస్తా పన్నెండవుతాయి. 1859లో ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదాకు వదిలిన రెండు డజన్ల కుందేళ్ళు ఒక ఖండాన్నే మేసేశాయి. ఇంట్లో అంత కాకపోయినా, ఎనిమిది వారాలు నిండినప్పటి నుంచి ఆడ, మగ పిల్లల్ని విడదీయాల్సిందే. ఈనిన తల్లి గూట్లో కూర్చోకపోతే కంగారుపడి పిల్లలకు ఆవుపాలు పట్టేవాళ్ళు చాలామంది. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది. పిల్లల పొట్టలు పొద్దున్నే గుండ్రంగా, చర్మం ముడతలు లేకుండా ఉంటే ఆమె తన పని చేసి వెళ్ళిందన్నట్టే.

చెవులు పట్టి ఎత్తే అలవాటును సినిమా మాంత్రికుల దగ్గరే వదిలెయ్యాలి. దాని వెన్ను సన్నం, వెనక కాళ్ళ బలం ఎక్కువ. గాల్లో ఒక్క తన్ను తన్నుకుంటే తన వెన్ను తనే విరుచుకుంటుంది. ఒక చేయి రొమ్ము కింద, ఒక చేయి పిర్రల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. పసిపిల్లలైతే నేల మీద కూర్చుని ఆడుకోవడమే క్షేమం.

అహోబిలం దారిలో, నల్లమల అంచు చేలల్లో రాత్రిపూట బండి వెలుగుకు ఉరికే చెవులపిల్లి ఈ కుందేలుకు దూరపు చుట్టం మాత్రమే. ఇంటి కుందేలు పిల్లలు కళ్ళు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. అడవి చెవులపిల్లి పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డి మాటున పడుకుంటుంది. చేనులో ఒంటరిగా కనబడిన పిల్లను ‘పాపం’ అని ఇంటికి తెస్తే తల్లి రాత్రి వచ్చి వెతుక్కుంటుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం నేరం.

ఇంటి కుందేలు చక్కగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. టాస్మేనియాలో 1964లో పట్టుకున్న ‘ఫ్లాప్సీ’ పద్దెనిమిదేళ్ళు దాటి బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంత వయసు రావాలంటే మధ్యలో వైద్యం తప్పదు. ముఖ్యంగా ఆడ కుందేళ్ళలో నాలుగేళ్ళు దాటాక గర్భసంచి క్యాన్సరు ఎక్కువ. గర్భసంచి తీసేయించడం మేలు, కానీ కుందేలుకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టరు చేతనే చేయించాలి. ఆపరేషన్‌కు ముందు దాన్ని పస్తుంచకూడదన్న సంగతి ఆ డాక్టరుకు తెలిసి ఉండాలి.

నంద్యాల, ఆళ్ళగడ్డల్లో పశువుల ఆసుపత్రులున్నాయి. అక్కడి డాక్టర్ల రోజు ఎక్కువగా గేదెలు, గొర్రెలు, కుక్కలతోనే గడుస్తుంది. 2022లో రాష్ట్రంలో మొదలైన సంచార పశు వైద్య వాహనాల 1962 నంబరుకు ఫోన్ చేసినా కుందేలును చూస్తారా లేదా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కష్టమైన కేసుకు చాగలమర్రి దాటితే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఇంకా పెద్ద అవసరానికి 1955 నుంచి నడుస్తున్న తిరుపతి కళాశాల. తీసుకెళ్ళేటప్పుడు గాలాడే బుట్ట, అందులో అది రోజూ తినే గడ్డి, ఆ రోజు పెంటికలు ఒక కాగితం పొట్లంలో, బరువులు రాసిన కాగితం ఉండాలి. ఎండాకాలమైతే తెల్లవారుజామున మొదటి బస్సుకే బయల్దేరాలి. ఇంట్లో దానికి జత ఉంటే దాన్నీ అదే బుట్టలో తీసుకెళ్ళాలి. తోడు పక్కనుంటే రోగి బెదరదు, వేరే వాసనతో తిరిగొచ్చిన దాన్ని ఇంట్లోది కరవదు.